ఉద్యోగం ఉన్నట్టే

తిరుపతి,
ఫిబ్రవరి 9.

లోకేశ్వరి వదినకు,

కోమలి నమస్కారాలు. ఇన్‌ల్యాండ్ లెటరు చూసి కంగారుపడకు. ఇది పెళ్లి కబురు కాదు, ఆ ఆశ నువ్వెప్పుడో వదిలేశావు. పోయినసారి వచ్చినప్పుడు "మా బ్రాంచి పోస్టాఫీసుకు బ్యాంకు నోటీసులు తప్ప మనుషులు రాసే ఉత్తరాలు రావడం లేదు, నువ్వైనా రాయి తల్లీ" అన్నావు గదా. రాయడానికి తీరిక దొరికింది. కావలసినంత దొరికింది. నా ఉద్యోగం పోయింది.

పద్నాలుగేళ్లు అమెరికా డాక్టర్లు నోట్లో నోట్లో గొణిగిన మాటల్ని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని విని, ఏ రోగికి ఏ జబ్బో టైపు చేశాను. ఇప్పుడు ఆ గొణుగుడు వినే సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానికి టీ అక్కర్లేదు, నడుంనొప్పి రాదు, వినాయక చవితికి సెలవు అడగదు. శుక్రవారం మేనేజరు మమ్మల్ని నలభైమందినీ మీటింగ్ హాల్లో కూర్చోబెట్టి, ఇది ముగింపు కాదు, మీ అందరికీ కొత్త ప్రయాణం అన్నాడు. ప్రయాణం మాకు, కుర్చీ ఆయనకు. చివర్లో కేకు కోశారు. ఉద్యోగం పోయినందుకు కేకు తిన్న మనిషిని నువ్వు ఇంతవరకు చూసి ఉండవు. బాగుంది కూడా. రెండు ముక్కలు తిన్నాను.

ఒక్క మాట. అన్నకు చెప్పొద్దు. ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నది అందుకే. ఫోన్ చేస్తే ఆయన పక్కనే కూర్చుని స్పీకర్ పెట్టమంటాడు. నేను తిరుపతిలో గది తీసుకున్న రోజు ఏమన్నాడో గుర్తుందా? "ఆడపిల్ల ఒక్కతే టౌన్లో ఉండేది యాడైనా ఉండాదా? ఈ ఉద్యోగం పొయ్యిన రోజు ఇంటికొచ్చేయల్ల, మాటియ్యి" అన్నాడు. ఇచ్చాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, ఉద్యోగాలు పోతాయని తెలియదు. ఇప్పుడు ముప్పై ఏడు. వచ్చి మీ వరండాలో కూర్చుని పెసలు ఏరుకుంటూ బతకడానికి నాకు ఇంకా టైముంది.

గ్రానైటు ఫ్యాక్టరీ సూపర్‌వైజరు గారిని, అదే మా అన్నను, అడిగానని చెప్పు.

నీ ఆడపడుచు,
కోమలి


పాకాల దగ్గర, మన పల్లె,
ఫిబ్రవరి 17.

కోమలికి,

నీ ఉత్తరం చేరింది. సంచిలోంచి తీసింది నేనే, ముద్ర కొట్టింది నేనే, అందుకున్నది నేనే. ఈ నెలలో మా ఆఫీసుకు వచ్చిన అసలైన ఉత్తరం ఇదొక్కటి. నీ ఉద్యోగం పోవడం వల్ల తపాలా శాఖకైనా కాస్త మేలు జరిగింది.

బాధగా ఉంది అమ్మీ. ఈ మాట ఒక్కసారే రాస్తాను. రెండోసారి రాస్తే నువ్వు ఏడుస్తావు, ఏడిస్తే నీకు జలుబు చేస్తుంది, జలుబుతో ఇంటర్వ్యూకు పోతే ఎవరూ తీసుకోరు.

మీ అన్నకు చెప్పను. ఈ ఊళ్లో ఏ ఇంటికి ఏ కోర్టు నోటీసు వచ్చిందో నాకు తెలుసు. నా ముఖం చూసి ఎవరైనా ఒక్కటైనా చెప్పగలిగారా? ఆయన బాగున్నాడు. రోజూ తొమ్మిదింటికి క్యారేజీ కట్టించుకుని బయల్దేరుతున్నాడు, సాయంత్రం ఆరింటికి వస్తున్నాడు. చొక్కా ఇస్త్రీ విషయంలో మాత్రం పెళ్లికొడుకు కంటే ఎక్కువ పట్టింపు వచ్చింది.

నువ్వు పొద్దున్నే లేచి స్నానం చేసి, ఆఫీసుకు పోతున్నట్టే తయారై వెతుకు. నైటీలో కూర్చుని వెతికితే నైటీకి తగ్గ ఉద్యోగమే దొరుకుతుంది. రాస్తూ ఉండు. నాకు నీ కష్టాలు కావాలి, మా ఆఫీసుకు ఉత్తరాలు కావాలి.

మీ వదిన,
లోకేశ్వరి


తిరుపతి,
మార్చి 14.

వదినకు,

నువ్వు చెప్పినట్టే రోజూ చీర కట్టుకుని వెతుకుతున్నాను. మా ఇంటి ఓనరు శకుంతలమ్మ నాకు ప్రమోషన్ వచ్చిందనుకుంటోంది.

ఇప్పటికి పదకొండు ఇంటర్వ్యూలు. ఒకచోట అడిగిన పిల్లకు ఇరవై నాలుగేళ్లుంటాయి. "ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అంది. నలభై రెండో ఏట, అని చెప్పాను. నవ్వలేదు. వాళ్ల కాగితం మీద నవ్వడానికి గడి లేనట్టుంది. ఇంకోచోట అనుభవం ఎక్కువైంది అన్నారు. మరోచోట ఈ రంగంలో అనుభవమే లేదన్నారు. రెండూ ఒకే రోజు, ఒకే వీధి. మధ్యలో ఇడ్లీ తిన్నాను.

ఆశ చచ్చిపోకుండా ఉండాలని ఒక సెమినారుకు కూడా వెళ్లాను. కోటు వేసుకున్న ఆయన మమ్మల్నందర్నీ లేపి నిలబెట్టి, "నేను అయస్కాంతాన్ని, అవకాశాలు నా దగ్గరికే వస్తాయి" అని మూడుసార్లు అనిపించాడు. తర్వాత భోజనాల దగ్గర పక్కన నిలబడి, మీ ఆఫీసులో ఏమైనా ఖాళీలున్నాయా మేడమ్, ఈ సెమినార్లకు జనం సరిగా రావడం లేదు, అని నన్ను అడిగాడు. అయస్కాంతం పనిచేసింది వదినా. కాకపోతే ఆయన్ని నా దగ్గరికి లాగింది.

అసలు సంగతి ఇది. పాత కంపెనీ వాళ్లే ఫోన్ చేశారు. సాఫ్ట్‌వేర్ రాసినవి దిద్దాలట, ఇంట్లో కూర్చుని, కాగితానికి ఇంత అని. డాక్టరు మందు ఫిఫ్టీన్ అంటే అది ఫిఫ్టీ అని రాసింది. నేను చూడకపోతే ఆ రోగి కొత్త ప్రయాణానికి బయల్దేరేవాడు. మొదట, నా కుర్చీ లాక్కున్నదానికి ట్యూషన్ చెప్పాలా అని వద్దన్నాను. రెండో రోజు ఒప్పుకున్నాను. పొగరు అద్దె కట్టదు గదా. గది అద్దె గడుస్తోంది, అంతవరకే. ఇది ఎన్నాళ్లో తెలియదు. అది నేర్చుకున్నకొద్దీ నా అవసరం తగ్గుతుంది. బాగా చెబితే త్వరగా వెళ్లిపోతాను, అదీ నా పరిస్థితి.

నిన్న అన్న ఫోన్ చేశాడు. ఆఫీసు ఎట్లుండాది అన్నాడు. బిజీగా ఉంది అన్నాను. మీ ఫ్యాక్టరీ ఎట్లుంది అంటే, ఫుల్ ఆర్డర్లుండాయి మే, అన్నాడు. ఒకళ్లైనా సుఖంగా ఉన్నారు.

కోమలి


మన పల్లె,
మార్చి 24.

కోమలికి,

పదకొండు ఇంటర్వ్యూలంటే పదకొండుమంది నీ మాటలు కూర్చుని విన్నారన్న మాట. నా మాట వినేవాళ్లు ఈ ఇంట్లో ఒక్కళ్లు లేరు. నువ్వే అదృష్టవంతురాలివి.

పేపరు ముక్క ఒకటి ఈ ఉత్తరంలో మడిచి పెట్టాను. తిరుపతిలో ఏప్రిల్ పంతొమ్మిదిన కాలేజీ గ్రౌండులో జాబ్ మేళా. అరవై కంపెనీలట. అందులో యాభై కంపెనీలు ఫోటోలు దిగి పోతాయి. మిగతా పదింటి కోసం పో. తప్పకుండా పో. పొద్దున పదింటికల్లా ఉండు, అంతకంటే ఆలస్యం చేయకు. ఇది నా ఆజ్ఞ అనుకో.

మీ అన్న కులాసా.

లోకేశ్వరి


తిరుపతి,
ఏప్రిల్ 20.

వదినకు,

నువ్వు చెప్పిన టైముకే మేళాకు పోయాను. ఏం జరిగిందో రాస్తాను, చదివి నాకు నిజం చెప్పాలి.

గ్రౌండులో మూడు వేలమంది. గేటు దగ్గర టోకెన్ ఇచ్చారు. నాది రెండు వందల ఇరవై. ఎండకు తలనొప్పి వచ్చి మంచినీళ్ల డ్రమ్ము దగ్గరికి పోతే, అక్కడ గ్లాసు పట్టుకుని మునికుమార్ గారు. మా అన్నగారే. ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాస్టిక్ ఫైలు.

ముందు ఆయనే తేరుకున్నాడు.

"ఏమి మే, ఈడుండావు?"

"మా కంపెనీ స్టాలు పెట్టింది అన్నా. మనుషుల్ని తీసుకునేదానికి నన్ను పంపినారు. నువ్వు?"

"నన్నూ మా ఓనరే పంపినాడు. మిషన్ మీదికి నలుగురు కావల్ల. సూసి పోదామని."

అలా ఆ గ్రౌండులో ఇద్దరు పెద్ద ఆఫీసర్లం కలుసుకున్నాం. ఈ కాలం పిల్లల్లో పనితనం లేదని ఆయన అన్నాడు. ఇంటర్వ్యూలో కనీసం కళ్లలోకి చూడరని నేను అన్నాను. ఇంతలో మైకులో, "టోకెన్ నంబరు రెండు వందల పదకొండు, మునికుమార్, పాకాల, స్టాలు నంబరు తొమ్మిదికి రావాలి" అని పిలిచారు.

అన్న కదల్లేదు. నీళ్లు తాగుతున్నట్టే గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు. గ్లాసులో నీళ్లు లేవు. మళ్లీ పిలిచారు. మూడోసారి కూడా పిలిచారు.

"ఆ పేరుతో శానామంది ఉంటారులే మే," అన్నాడు.

"పాకాలలోనా?"

"పాకాలలోనే."

తర్వాత వేరేవాళ్లను పిలిచారు. ఆయన వంతు పోయింది. నేను అక్కడ నిలబడబట్టే పోయింది. టోకెన్ ఆయన జేబులోంచి సగం కనబడుతూనే ఉంది వదినా, పసుపుపచ్చది, నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నటువంటిదే. నా నంబరు కూడా పిలిస్తే ఏం చేయాలో తోచక, స్టాల్లో పని ఉందని చెప్పి గేటు దాటి వచ్చేశాను. బస్సు ఎక్కాక గాని నవ్వు రాలేదు. నవ్వాక ఎందుకో బాధేసింది.

అన్న ఉద్యోగం ఉందా, లేదా?

కోమలి


మన పల్లె,
ఏప్రిల్ 27.

కోమలికి,

లేదు. డిసెంబరులో పోయింది. ఆర్డర్లు లేవని ఓనరు ఫ్యాక్టరీ మూసేశాడు. నీకంటే రెండు నెలలు సీనియర్.

"చెల్లెలికి తెలియనీయొద్దు, ఆ పిల్లని ఇంటికి రమ్మనేదానికి నాకు ఇంక మొహముండదు" అని నా దగ్గర మాట తీసుకున్నాడు. రెండు నెలలు తిరక్కుండా నువ్వొచ్చి అన్నకు చెప్పొద్దన్నావు. మీ ఇద్దరి మధ్యా నేను తాళం వేసిన పోస్టు డబ్బాలా కూర్చున్నాను. ఊరికి తెలియకూడదని రోజూ క్యారేజీ పట్టుకుని పోయి పాకాల స్టేషన్లో బెంచీ మీద కూర్చుంటున్నాడు. కాట్పాడి పోయే రైళ్ల టైములన్నీ కంఠతా వచ్చాయి. నువ్వు మండిపడే ముందు నా మొదటి ఉత్తరం తీసి చూసుకో. బయల్దేరుతున్నాడని రాశాను, ఫ్యాక్టరీకి అని రాయలేదు. ప్రభుత్వ ఉద్యోగం చేసేదాన్ని, కాగితం మీద అబద్ధం రాయను.

పేపరు ముక్కలు రెండు కత్తిరించాను. ఒకటి నీకు, ఒకటి ఆయన క్యారేజీ సంచిలో. మీరిద్దరూ ఎదురుపడితే నా నెత్తిమీది బరువు దిగిపోతుందనుకున్నాను. ఎదురుపడి కూడా ఇద్దరూ ఆఫీసర్లైపోతారని నేను అనుకోలేదు. మీ వంశం గురించి తక్కువ అంచనా వేశాను. ఆయన వంతు పోతుందని మాత్రం నాకు తట్టలేదు. ఆ తప్పు నాది.

ఆ రోజు ఇంటికొచ్చి ఏమన్నాడో తెలుసా? "కోమలి కంపెనీ తరఫున వచ్చింది. మనుషుల్ని తీసుకునే పొజిషన్లో ఉండాది ఇప్పుడు" అన్నాడు. నాలుగు నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను. అందుకని ఆ పూట నోరు విప్పలేకపోయాను. నీ ఉత్తరం వచ్చాక ఇక లాభం లేదని నువ్వు రాసినవన్నీ తీసి ఆయన ముందు పెట్టాను. మాట తప్పాను, తిట్టుకో. అన్నీ రెండుసార్లు చదివాడు. చివరికి తలెత్తి అడిగిన మొదటి మాట, "కేకు రెండు ముక్కలు తినిందా?"

ఆయనే ఫోన్ చేస్తాడు. స్పీకర్ నేను పెట్టమంటాను, పెట్టడు.

ఇంకో మాట. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్‌కు గేటు దగ్గర టోకెన్లు రాసే మనుషులు కావాలని పోస్టాఫీసుకు వచ్చిన రైతు చెప్పాడు. ఇంగ్లీషు టైపింగు తెలిసిన నీకు ఇది చిన్నతనంగా ఉంటే వద్దులే.

లోకేశ్వరి


చిత్తూరు,
జూన్ 22.

వదినకు,

చిన్నతనంగానే ఉంది. అయినా వచ్చాను. సాఫ్ట్‌వేర్ నా పాఠాలు నేర్చేసుకుంది, మే నెలాఖరుకు ట్యూషన్ మాన్పించారు. కేకు లేదు ఈసారి.

అన్న ఫోన్ చేశాడని నీకు తెలుసు, ఏమన్నాడో నీకు చెప్పి ఉండడు. మొదట ఇద్దరం పోట్లాడుకున్నాం. నాకెందుకు చెప్పలేదు అంటే, "నువ్వు చెప్పినావా? నేను పెద్దోణ్ని మే" అన్నాడు. అందుకని ముందు పోగొట్టుకున్నావా అన్నాను. తర్వాత, "ఇంటికి రమ్మని మాట తీసుకున్నా గదా. రావద్దులే. ఆడనే ఉండు, వెతుక్కో. నీకు రాకపోతే ఇంగెవురికి వస్తాది" అన్నాడు. పద్నాలుగేళ్లలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఇదే మొదటిసారి, అదీ నా ఉద్యోగం పోయాక.

ఇక్కడ నా ఆఫీసు ఒక రేకుల షెడ్డు. నా ముందు ట్రాక్టర్లు. తోతాపురి మామిడికాయల లోడ్లతో రెండు కిలోమీటర్ల పొడుగునా నిలబడి ఉంటాయి. లోపల మిషన్లు తీసుకునేదానికి ఒక లెక్క, బయట కాయలు పండేదానికి ఇంకో లెక్క. ఫ్యాక్టరీకి, రైతుకు మధ్య తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి. ఆ పోస్టు నాది.

మూడో రోజు వరలక్ష్మమ్మ అని ఒక రైతు వచ్చింది. యాభై ఏళ్లుంటాయి. వరుసలో రెండు రోజులైందట.

"అమ్మీ, నా కాయలు మెత్తబడతా ఉండాయి. లోపలికి పంపు."

"నీ ముందు ఇంకా అరవై బండ్లు ఉండాయి అక్కా."

"ఈ కుర్చీ నాకియ్యి. నువ్వు పోయి ట్రాక్టరు కింద పండుకో. అప్పుడు తెలుస్తాది అరవై అంటే ఎంతో."

నిజమే గదా. ఆమె మాట విని కుర్చీలోంచి లేచి, ఆ వరుస చివరిదాకా నడిచాను. జనం కోపం ఆలస్యం మీద కాదు వదినా, తమ వంతు ఎప్పుడో చెప్పే నాథుడు లేనందుకు. నాకూ నాలుగు నెలలుగా అదే కోపం. "మేమే ఫోన్ చేస్తాం" అన్న పదిహేడు కంపెనీల్లో ఒక్కటీ చేయలేదు. వెనక్కి వచ్చి అందరి ఫోన్ నంబర్లు రాసుకున్నాను. లోపల ఎన్ని బండ్లు దిగాయో గంటగంటకూ కనుక్కుని మెసేజ్ పంపడం మొదలుపెట్టాను. రేపు వంతు వచ్చేవాళ్లు డ్రైవర్ని ఉంచి ఇంటికి పోయి రావచ్చు. ఎండకు మెత్తబడిన కాయల బండ్లను ముందు పంపమని మేనేజరును అడిగాను. మూడు రోజులు కుదరదన్నాడు. నాలుగో రోజు రైతులు ఆయన గదిలో కూర్చున్నారు, కుదిరింది.

వరలక్ష్మమ్మ లోడు దించుకుని పోతూ షెడ్డు దగ్గర ఆగింది. "నీ నోరు మంచిదే. ఫ్యాక్టరీనే మంచిది కాదు" అంది. నా పద్నాలుగేళ్ల సర్వీసులో ఎవరూ ఇంత మంచి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

సీజను జులైతో అయిపోతుంది. ఆ తర్వాత మళ్లీ చీర కట్టుకుని వెతకడమే. అన్న ఏం చేస్తున్నాడు? రైళ్లు టైముకు నడుస్తున్నాయా?

కోమలి


మన పల్లె,
జులై 20.

కోమలికి,

రైళ్ల సంగతి ఇక నీకు చెప్పేవాళ్లు లేరు. మీ అన్న స్టేషను మానేశాడు. ఇప్పుడు ఆయన నా కింద పనిచేస్తున్నాడు.

కాగితం పక్కన పెట్టి నవ్వి, మళ్లీ చదువు. మా పోస్ట్‌మ్యాన్ ధనంజయకు మోకాలి ఆపరేషన్ అయింది, మూడు నెలలు నడవకూడదు. బదులు మనిషిని పెట్టుకోవడానికి పై ఆఫీసు అనుమతి ఇచ్చింది. ఎవరూ దొరకలేదు. నేను ఇంట్లో ఆ మాట గోడతో చెప్పినట్టు చెప్పాను. గోడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "చెల్లెలు మామిడికాయల కాడ కూసోంది గదా" అని సంచి తగిలించుకున్నాడు.

మొదటి వారం టవలు ముఖానికి చుట్టుకుని తిరిగాడు, దొంగలాగా. సంచి మీద తపాలా శాఖ అని అంత పెద్ద అక్షరాలతో ఉంటే టవలు ఎవరికి దాపరికం? ఊరికి డిసెంబరు నుంచీ తెలుసట. బాధపడతాడని ఆయనకే చెప్పలేదట. మొత్తం ఊరు, మేమూ కలిసి ఏడు నెలలు ఒకళ్లకు తెలియకుండా ఒకళ్లం ఒకే సంగతి దాచుకున్నాం.

ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంటకు రావలసినవాడు మూడింటికి వస్తున్నాడు. ముసలివాళ్లు కాగితం అందుకుని వదలరు, చదివి అర్థం చెప్పమంటారు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఊళ్లో బ్యాంకు నోటీసు చదివి గంటసేపు వివరం చెప్పి, మజ్జిగ తాగి వస్తున్నాడు. ఆలస్యం ఎందుకైందని పోస్ట్‌మాస్టరుగా అడిగితే, భార్యవి అట్లా అడగొచ్చా అంటాడు. భార్యగా అడిగితే, డ్యూటీ సంగతి ఇంట్లో ఎందుకంటాడు.

ధనంజయ అక్టోబరులో వచ్చేస్తాడు. తర్వాత ఏమిటి అని అడిగాను. "సూద్దాం" అన్నాడు. డిసెంబరులో కూడా ఇదే మాట అన్నాడు, కానీ అప్పుడు గోడవైపు తిరిగి అన్నాడు. ఇప్పుడు అన్నంలో పెరుగు కలుపుకుంటూ అన్నాడు.

నీ సంగతి రాయి.

లోకేశ్వరి


తిరుపతి,
ఆగస్టు 30.

వదినకు, అన్నకు,

ఇద్దరికీ కలిపి రాస్తున్నాను. ఇద్దరికీ వేరువేరుగా రాసి ఎవరికేం చెప్పానో గుర్తుపెట్టుకునే ఓపిక నాకు లేదు.

పోయిన వారం ఇక్కడ ఒక ఆసుపత్రిలో ఇంటర్వ్యూ. ఇరవై మూడోది. ముగ్గురు కూర్చున్నారు. నా కాగితం చూసి మధ్యలో ఆయన, "పద్నాలుగేళ్లు మెడికల్ టైపింగు, తర్వాత రెండు నెలలు మామిడికాయల గేటా?" అన్నాడు. వెనకటి కోమలి అయితే ఆ రెండు నెలలూ దాచేసేది. దాచి దాచి మన ఇంట్లో ఎవరికీ ఏమీ ఒరగలేదు గనుక ఉన్నది చెప్పాను. రెండు రోజులుగా రోడ్డు మీద ఉన్న మనిషికి ఇంకా ఒక రోజు ఆగాలని చెప్పడం నేర్చుకున్నాను, చెప్పాక కూడా కుర్చీలోంచి పారిపోకుండా ఉండడం నేర్చుకున్నాను, అన్నాను. ముగ్గురూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. వాళ్ల విచారణ కౌంటరులో మూడు నెలల్లో నలుగురు మానేశారట.

ఐదోదాన్ని నేను. జీతం పాతదానికంటే తక్కువ, మామిడికాయలకంటే ఎక్కువ. యూనిఫాం చీర రంగు గురించి ఏమీ రాయను, మీరే వచ్చి చూసి జాలిపడండి.

సోమవారం చేరాను. మధ్యాహ్నం పలమనేరు నుంచి వచ్చిన ఒక ముసలావిడ స్కానింగ్ కాగితం తెచ్చి కౌంటరు మీద పెట్టింది. డాక్టరు రౌండ్స్‌కు పోయాడు, ఇంకో రెండు గంటలు రాడు.

"అంతా ఇంగ్లీషులో ఉండాది. సంపేస్తాదా ఏంది, సెప్పు మే" అంది.

చదివాను. ఆ మాటలన్నీ నాకు తెలుసు. వేలసార్లు టైపు చేశాను, ఒక్కసారి కూడా ఆ జబ్బున్న మనిషి ముఖం చూడలేదు. "సంపదు అవ్వా. మూత్రపిండంలో రాయి, శెనగ్గింజంత ఉండాది. మందేదో డాక్టరే చెప్తాడు. నువ్వు కూర్చుని ఈ నీళ్లు తాగు" అన్నాను.

ఆవిడ నీళ్లు తాగలేదు. నన్నే చూసింది. "నువ్వు డాక్టరమ్మవా?"

"కాదు."

"మరి నీకెట్ల తెలుసు?"

"వింటా ఉంటిని, పద్నాలుగేళ్లు."

అర్థమైనట్టు తలూపింది. కాగితం మడిచి కొంగున ముడేసుకుంది. రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది.

"రేపు మళ్లీ రమ్మన్నారు నన్ను. రేపు గూడా నువ్వు ఈడనే ఉంటావా?"

ఉంటాను అవ్వా, అని చెప్పాను. ఆర్నెల్ల ప్రొబేషన్ సంగతి ఆవిడకెందుకు.

మీ కోమలి